లారీ పోయినంక గాలి

పొద్దుగాల ఆరు ముప్పావుకు
గాలిసంచి కట్టెకు అతుక్కొని పండుకున్నది.
రన్‌వే మీది మేకల్ని కొట్టుకొచ్చి
యాదగిరి పచ్చగుడ్డ ఊపిండు.
కేతావత్ రోహిణి
నేను లేని సీటును పక్కన పెట్టుకొని
ఇయ్యాలే మొదటిసారి పైకి పోతది.

మా నాయిన దేవరకొండ డిపోల డ్రైవరు.
నాకు సైకిల్ నేర్పింది సాగర్ రోడ్డు మీద.
"లారీకి భయపడకు బిడ్డా, లారీ కనబడ్తది.
అది పోయినంక వచ్చే గాలి కనబడది.
అది గుంజుకుంటది" అన్నడు.
అన్న రోజే గుంజుకున్నది.
మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉన్నది.

గదే మాట నేను ఇంగ్లీషుల
బోర్డు మీద బాణాలు గీసి చెప్త.
శంషాబాద్‌ల దిగబోయే పెద్దది
రెక్కల కొసలకెళ్ళి రెండు సుడులు జారిడుస్తది,
కవ్వం తిరిగినట్టు తిరుక్కుంట
అవి మెల్లగ మన దిక్కే దిగుతయ్.
అప్పటికి అది పోయి ఉంటది,
చప్పుడు సుత ఉండది.
మన బండి బరువెంత?
ఒక్క జత ఎడ్లంత.

"మూడు నిమిషాలు ఆగుడేనా మేడం?"
ఆగాలె.
గడియారం చూసి ఆగాలె, ఓపిక చూసి కాదు.

ఆకాశమంటే అంతా ఖాళీ అనుకుంటరు జనం.
మా మ్యాపుల దానికి గోడలుంటయ్.
రెండువేల ఐదొందల అడుగుల కాడ కప్పు.
కప్పు మీద నూటెనభై మంది,
టీ కప్పులు, చెవులు నొచ్చి ఏడ్చే పసిపోరడు.
కింద హైటెన్షన్ తీగలు, క్వారీ దుమ్ము, గద్దలు.
నడుమ మాకు మిగిలింది
ఇంట్ల అటకంత.
అండ్లనే నేర్వాలె, అండ్లనే తప్పులు చేయాలె.

"పద్దెనిమిది వందలు. బత్తాయి తోటల మీద ఉన్న."
గొంతు మంచిగనే ఉన్నది.
నేను రాసుకుంటున్న.
"మేడం... మా తండా కనబడ్తున్నది."

గా మాట ఏ పుస్తకంల లేదు.
కాని నాకు ఎరుకే.
ఎవరి ఊరు వాళ్ళకు కనబడంగనే
చెయ్యి దానంతటదే ముందుకు ఒరుగుతది.
ఐదొందలు దిగుదాం, ఒక్క రెక్క వంచుదాం,
కింద అమ్మ చూస్తది, చెల్లె ఉరుకొస్తది.
తండా ఎన్కనే కరెంటు లైను.
పైనుంచి స్తంభాలే కనబడ్తయ్,
తీగ కనబడది.

తిట్టాలనిపించింది.
బతిమాలాలనిపించింది.
బటన్ నొక్కి ఒక్కటే అడిగిన,
"ఎత్తు?"

పదకొండు సెకన్లు.
యాదగిరి ఒక మేక చెవి పట్టుకొని
అట్లనే నిలబడ్డడు.
పక్క రేడియోల శంషాబాద్ గొంతు
ఎవరికో దిగమని చెప్తున్నది,
మాతోని సంబంధం లేనట్టు.

"పద్దెనిమిది వందలే మేడం.
దిగలే. చూసిన, గంతే."

దిగినప్పుడు బండి ఒక్కసారి ఎగిరి
మల్ల కూసున్నది.
పర్వాలేదు, నాది మూడుసార్లు ఎగిరింది.
మొదటిసారి ఒంటిగ పోయొచ్చినోళ్ళకు
నెత్తిన నీళ్ళు గుమ్మరించుడు మా రివాజు.
ట్యాంకర్ రాక రెండొద్దులాయె.
యాదగిరి అరబకెట్ తెచ్చిండు,
అండ్ల మేకకు కొంత మిగిలిచ్చి పోసిండు.

తల తుడుచుకుంట రోహిణి అన్నది:
"అమ్మ పత్తిచేన్ల ఉన్నది మేడం.
ఎర్ర గుడ్డ గుర్తుపట్టిన.
తలెత్తలే.
ఈ చప్పుడు వాళ్ళకు అలవాటైపోయింది."
ఏం చెప్పాలెనో తోచలే.
లాగ్‌బుక్కుల ఇరవైరెండు నిమిషాలు రాసిన.
తండాకు గడి లేదండ్ల.

తర్వాతి పోరడు అష్ఫాక్
ఇంజను చాలు చేసి తయ్యారున్నడు.
నెత్తి మీదికెళ్ళి పెద్దది ఒకటి
తెల్లగ, నింపాదిగ దిగిపోతున్నది.
అందరం దాన్నే చూస్తున్నం.
రోహిణి మాత్రం
తడి చేతితోని గడియారం తుడిచి
"ఆగురా" అన్నది వానికి,
"ఇంకా పోలే అది."