ఖాళీ గడి

కువైట్ మాలియాల, బస్సులు మలుపు తిరిగే మూల,
ఫోన్ కార్డుల కొట్టుకు లాండ్రీకి నడుమ
ఆరు మెట్లు దిగితే పుస్తకాల దుకాణం.
నడిపేది హిలాల్.
ఈ ఊర్లనే పుట్టిండు, ఏ దేశపు కాగితమూ లేదాయనకు.
అందుకేనేమో, ఉన్న కాగితాల మీద దుమ్ము పడనియ్యడు.

నేను లాండ్రీల ఇస్త్రీ జేస్త.
మెట్‌పల్లిల టాకీసు గోడలకు
"నేడే చూడండి" రాసినోణ్ణని ఎట్ల తెలిసిందో,
ఒకనాడు నల్లబోర్డు తెచ్చి నా బల్ల మీద పెట్టిండు.
"వచ్చే రచయితల పేర్లు. ఎవరి పేరు వాళ్ల లిపిల."
అరబ్బీ ఆయన రాసిస్తే చూసి దించుత.
మలయాళం బొమ్మ గీసినట్టు గీస్త.

మొదటి శుక్రవారం సూడాన్ కథకుడు, అయిదింటికి.
ఆరుగురొచ్చిన్రు, అండ్ల ఇద్దరు ఏసీ కోసం.
ఆయన ఆ ఇద్దరి దిక్కే చూసుకుంట చదివిండు.
రెండో వారం కోజికోడ్ నర్సు, కవయిత్రి.
కుర్చీలు చాలక మెట్ల మీద కూసున్నరు
డ్యూటీ బూట్లు ఇప్పి ఒళ్లె పెట్టుకొని.
మూడో వారం, ముత్యాలకు మునిగినోళ్ల మనుమరాలు,
ఎనభై ఏండ్ల అవ్వ. పుస్తకం తెరవనే లేదు.
తాత ఊపిరెంతసేపు పట్టెటోడో చూపిస్తనని
కండ్లు మూసుకుంది.
ఎందుకో మేమందరం కూడ పట్టినం.

నాలుగో వరుస తెలుగు.
గాలివీటి దస్థగిరమ్మ. పుస్తకం: పదకొండో గది.
రాయచోటిల పెండ్లి పత్రికలేసే ప్రెస్సుల అచ్చయింది.
ముప్ఫై కాపీలు ఎవరి సామాన్లనో వచ్చినయి,
పేజీ పేజీకి గోంగూర నూనె వాసన.
సల్వాల ఒకింట్ల పది గదులూడుస్తదామె.
పదకొండోది మెట్ల కింద.

టైము ఎంత రాయాలె అని మెసేజి పెట్టిన.
రాత్రి ఒంటిగంటకు గొంతొచ్చింది, గుసగుసగ:
"యాళ ఎయ్యొద్దన్నా. మామా వాళ్లు షాలేకి పోయి
నన్ను ఇంట్లో ఇడిసిపెడితే వస్తా.
ఎంటబెట్టుకోని పోతే ఏం జేసేది?"

హిలాల్ అన్నడు: "ఇన్షాల్లా అని రాయ్."
జీతం ఇన్షాల్లా, సెలవు ఇన్షాల్లా, టికెట్టు ఇన్షాల్లా.
ఆమె పేరు పక్క గడి ఖాళీగనే ఉంచిన.

ఆ శుక్రవారం రాలేదు. తర్వాతదీ రాలేదు.
వారం వారం చాక్‌పీసు అరగదీసుడెందుకని
మిగిలిన తెల్ల ఎనామిల్‌తోని పేరు దిట్టంగ ఏసిన.

జనం మాత్రం ఆగలేదు.
పులివెందుల ఆడోళ్లు, జగిత్యాల డ్రైవర్లు, భీమవరం వంటాయన,
మెట్లు దిగుడు, "ఇయ్యాల?" అనుడు,
ఆమెనడిగేది నన్నడిగి పోవుడు.
మరిచిపోతనని బోర్డు ఎనుక రాసిపెట్టిన:
ఆరో గదిల అత్తరు సీస పగలగొట్టింది పిల్లేనా, నువ్వా?
తొమ్మిదో గది తాళం సంగతి నిజమేనా?
నవ్వొచ్చే కాడ నాకు ఏడుపొచ్చింది, తప్పా?
వంటాయనది ఒక్కటే: మచ్‌బూస్‌ల ఎండు నిమ్మకాయ ఎప్పుడేస్తవమ్మా?

నిన్న సందెకాడ సిగ్నల్ ఎర్రగైంది.
బోర్డు పక్కన తెల్లబండి ఆగింది.
ఎనుక సీట్ల చంటిపిల్ల, పిల్ల పక్కన ఒకామె.
అద్దం దించలేదు. చెయ్యి ఊపలేదు.
పెదవులు మాత్రం కదిలినయి, కూడబలుక్కున్నట్టు.
పిల్ల టాటా చెప్పింది. పచ్చ పడ్డది.

రాత్రి ఒంటిగంటకు గొంతు:
"చూసినా అన్నా. రాత గుండ్రంగా బాగుంది.
కానీ నా పేర్లో స కింద త ఒత్తు గదా,
థ ఒత్తు యాల ఏసినావు?
చూసినోళ్లు, రాసే మనిషికి
పేరు రాయను రాదనుకుంటారు."

పొద్దున థిన్నర్ తెచ్చిన.
బట్ట కొస తడిపి, ఒక్క ఒత్తు తుడిచేసరికి అర్ధగంట.
హిలాల్ చాయ్ తాగుకుంట మెట్ల మీద నిలబడ్డడు,
తెలుగు రానోడు, ఏదో అర్థమైనట్టు తల ఊపిండు.
కొత్త ఒత్తు ఆరాలె గదా,
పొద్దుటెండ మెట్ల దిక్కే పడుతదని బోర్డు అటు తిప్పిన.
ప్రశ్నలన్నీ రోడ్డు దిక్కు పడ్డయి.
సిగ్నల్ కాడ బండ్లు ఆగుతున్నయి.