రాత్రి రెండు పది, బంద్

షన్నా కాడ ఫెర్రీ ఎక్కేటప్పుడు
ఎందరని అడిగిండు టిక్కెట్లాయన.
ఆరుగురు, అన్నడు ఖల్ఫాన్ సార్.
నేను జనరేటర్ తోటి లెక్కలకచ్చిన.

సినావ్‌ల మా కిరాయి దుకాణం.
పెండ్లిళ్ళకు, బోర్లకు, ఒంటెల పందేలకు
ఏడ కరెంటు లేకుంటే ఆడికి
దాన్నీ నన్నూ కలిపి పంపుతరు.
గీసారి మసీరా దీవి, ఐదు రాత్రులు.
ఎవల పెండ్లి అంటే
రేడియో అన్నరు.

హిల్ఫ్ దాటి, తారు రోడ్డు ఇడిసి
మనిషి అడుగు లేని ఒడ్డుకు పోయినం.
అల్యూమినియం గొట్టాలు, తీగెలు, ఒక గుడారం.
గాలికి స్తంభం నిలవడ్తలేదు.
యాకూబ్ సార్ బ్యాంకు మేనేజరట,
నడుముకు తాడు సుట్టుకొని ఎనుకకు ఒరిగిండు
మొండి బర్రెను గుంజినట్టు.
నాలుగోసారి నిలవడ్డది.
అందరు సప్పట్లు కొట్టిన్రు.
నేను డీజిల్ పోసిన.

చీకటి పడంగనే లొల్లి షురువైంది.
అంగట్ల కోడిపిల్లల గంపల చెయ్యి పెట్టి
ఒక్కొక్కదాన్ని పట్టి తీసినట్టు
అంత మందిల ఒక్క గొంతు దొరకవట్టాలె.
గాయిన తన గుర్తు చెప్తడు.
ఈయన ఫైవ్ నైన్ అంటడు.
గాయిన ఫైవ్ నైన్ అంటడు. ఖతం.
ఊరడుగరు. తిన్నవా అనరు.
ఏంది సార్ గా ఐదు, తొమ్మిది?
మంచిగ ఇనబడుతున్నవ్ అని, అన్నడు.
సరిగ ఇనబడనోనికి సుత గదే చెప్తరట, మర్యాదకు.

నవ్వచ్చింది నాకు.
కార్డు గీకి ఫోన్ చేసే దినాలల్ల
పది నిమిషాల కార్డుల ఆరు నిమిషాలు
ఇనబడుతుందా?
ఆ, నీకు?
ఇనబడుతుంది, చెప్పు.
చెప్పేదాని కాడికి వచ్చేసరికి బీప్.
మేమూ ఇచ్చుకున్నం ఫైవ్ నైన్లు, ఏండ్లకేండ్లు.

మూడో రాత్రి ఇంజన్ దగ్గింది.
నిద్రల గూడ నా చెవి దాని మీదనే ఉంటది.
లేచి ఉరికేలోపల ఆగింది. రెండు పది.
నోట్ల టార్చి పట్టుకొని ఫిల్టర్ ఇప్పిన.
ఉసికె. పిడికెడు ఉసికె.
మాఫ్ చేయున్రి సార్, పది నిమిషాలు, అంటున్న.

ఖల్ఫాన్ సార్ చెయ్యి లేపిండు.
ఒక్క రేడియోను జీపు బ్యాటరీకి తగిలిచ్చి
చెవులకు పెట్టుకున్నడు, తీసిండు, మళ్ళ పెట్టుకున్నడు.
సప్పుడు పోయింది, అన్నడు మెల్లగ.

నా ఇంజన్ సప్పుడు
గాలిలనే అనుకున్న గిన్నొద్దులు.
తీగెలల్ల సుత దూరిందట
పిండిల తవుడు లెక్క, సన్నగ.
మూడు రాత్రులు వీళ్ళ చెవులల్ల
నేనే కూసున్న.

అందరం ఊపిరి బిగవట్టినం.
తాబేలొకటి ఒడ్డుకచ్చి ఉసికె తోడుతున్నది,
అదీ ఇనబడింది.
గప్పుడు, దూరంగ
నూతిల పడ్డ చెంబు మోగినట్టు
ఒక ముసలి గొంతు.
అదే గుర్తు, మళ్ళా అదే గుర్తు.
తొందర లేదు ఆయనకు.
ఆఖరి అక్షరమే అందుతలేదు ఎవ్వలకు.
యాకూబ్ సార్ ఒకటంటడు, ఇంకొకాయన ఇంకొకటంటడు.
సార్ తన చెవులవి తీసి నాకు పెట్టిండు.

నా సదువు ఆరో తరగతి.
గని ఏ వాల్వు కొట్టుకుంటున్నదో
ఏ బోల్టు వదులైందో చెప్పే చెవులియ్యి.
కండ్లు మూసుకున్న.
గల్ఫ్ అంటుండు సార్, అన్న. గల్ఫ్, గల్ఫ్.
ఒక్క ఘడియ ఆగి, ఎగిరినంత పని చేసిండు సార్:
గోల్ఫ్! జి!

ఆ ముసలాయనకు ఫైవ్ నైన్ ఇయ్యలే.
మూడు, మూడు అన్నడు, ఉన్నదున్నట్టు.
ఆడికెల్లి దగ్గో నవ్వో వచ్చింది.
మూడు రాత్రుల సంది పిలుస్తున్న, అన్నడట.

ఫిల్టర్ కడిగి బిగిచ్చిన, రెండు ఇరవైకే.
చెయ్యి తాళం మీద పెట్టుకొని కూసున్న.
ఎవ్వలు స్టార్ట్ చెయ్యమనలే.
నేనూ చెయ్యలే,
జీపు బ్యాటరీ సొమ్మసిల్లేదాక.

సినావ్ వచ్చినంక అర్బాబ్ బుక్కు తిరగేసిండు.
రెండు పది నుంచి మూడు నలభై బంద్.
ఫిల్టర్‌కు గంటన్నరా?

ఉసికె మస్తుండె, అన్న.