ఇదిగో

గాంధీ ఆసుపత్రి మూడో అంతస్తులో
ఆక్సిజన్ మాస్కు లోపల
సలోమి పెదవులు నాలుగుసార్లు కదిలాయి.
మాస్కు మీద ఆవిరి వచ్చింది, పోయింది.
మాట నాదాకా రాలేదు.
నర్సు వచ్చి తెర లాగింది.

నాలుగు కదలికల్లో ఎంత మాట పడుతుంది?
పాలవాడి బాకీయా,
పొద్దున నేను విసుక్కున్నదానికి జవాబా,
లేక ఊరికే మంచినీళ్లా?
ముప్పై ఒక్క ఏళ్ల బైండింగు పనిలో
చివరి పేజీ లేని పుస్తకాలు ఎన్ని కుట్టలేదు నేను.
ఇంత కోపం ఏ పుస్తకం మీదా రాలేదు.

అందుకని వెళ్లాను. దాచను.
చిలకలగూడ మార్కెట్ వెనక, పిండిగిర్ని పక్క సందు.
మెడలో సిలువ తీసి చొక్కా జేబులో వేసుకున్నా,
ఎప్పుడూ పెట్టని టోపీ పెట్టుకున్నా,
పేరు అడిగితే యాదగిరి అన్నా.
సండే స్కూల్లో విన్న ఆ పొడుగాటి రాజు
మారుబట్టల్లో రాత్రిపూట నడిచిన దారి
అప్పుడు గుర్తు రాలేదు.
వస్తే మాత్రం ఆగేవాణ్ణా.

ఆమె పేరు నర్సుబాయి. ఐదొందల ఒకటి.
నిమ్మకాయ, సాంబ్రాణి, మూలన చార్జింగులో ఫోను.
కళ్లు మూసింది, ఊగింది,
సీరియల్లో భార్యలా గొంతు సన్నం చేసింది:
"ఏమండీ, నేను హాయిగా ఉన్నానండీ,
మీరు బెంగ పెట్టుకోకండి."

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.
మా సలోమి నన్ను ఏనాడూ ఏమండీ అనలేదు.
పెళ్లయిన రోజునుంచీ ఒకటే పిలుపు: ఇదిగో.
ఇదిగో, గ్యాసు అయిపోయింది.
ఇదిగో, చర్చికి టైమైంది, ఇంకా బనీనులోనే ఉన్నావా.
బెంగ పెట్టుకోవద్దనే మనిషీ కాదు,
కాస్తయినా పెట్టుకోవేం అని దెబ్బలాడే మనిషి.

నర్సుబాయి కళ్లు తెరిచి నా మొహం చూసింది.
డబ్బు ముట్టుకోలేదు.
"ఎప్పుడు తిన్నవన్నా?" అంది.
లోపలికెళ్లి జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి
నేను తినేదాకా ఎదురుగా కూచుంది.

ఆదివారం పాస్టరుగారు, ఎవరు చెప్పారో ఏమో,
అదే రాజు సంగతి తీశారు.
పోయినవాళ్లను లేపి అడగడమంటే
దేవుడి చేతిలో కాగితం లాక్కోవడమే అన్నారు.
సోదె, అంజనం, అక్షరాల పలక మీద జరిగే గ్లాసు,
అన్నీ ఒకటే బురద అన్నారు.
ఒప్పుకున్నాను.
జేబులో సిలువ గుచ్చుకున్న చోటు ఇంకా మండుతూనే ఉంది.
కానీ ఆయన కథ కొంచెం ముందే ఆపేశారు.
ఆ రాజు నేల మీద కూలబడితే
ఆ సోదెగత్తే ఇంట్లో దూడను కోసి
పిండి పిసికి రొట్టె కాల్చి పెట్టిందిగా.
చచ్చినాయన రేపటి చావు చెప్పాడు,
బతికున్నామె తినిపించింది.

మెట్టుగూడ ఎస్తేరమ్మ, నలభై ఏళ్ల బైబిలు స్త్రీ,
మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ అంది:
"ఏడువు. సమాధి కాడ మాట్లాడు కూడా.
జవాబు మాత్రం అడగకు.
అడిగినవా, ఇచ్చేటోళ్లు శానామంది తయారు.
ఆ నాలుగు మాటలూ ఆయన విన్నడు బిడ్డా,
ఆయనకి ఆసుపత్రి పాసు అక్కర్లేదు."

అది ఓదార్పో కాదో ఇంకా తేల్చుకోలేదు.
నవంబరు రెండున బోయిగూడ వెళ్లాను,
సున్నం కొట్టాను, కొవ్వొత్తి మూడుసార్లు ఆరింది.
ఏమీ అడగలేదు.
అడగకుండా ఉండటానికి పళ్లు బిగించాల్సి వచ్చింది.

ఇప్పుడు రాత్రుళ్లు తన బైబిలు విప్పుతున్నా.
అట్ట ఊడితే నేనే కుట్టాను, ఎర్ర కాలికో.
కుట్టేటప్పుడు చదవం కదా, గమనించలేదు,
ఎక్కడ తీసినా ఉంది ఆ మాట.
దూతలు అంటారు, ప్రవక్తలు అంటారు,
తలుపు దగ్గర నిలబడి తట్టేవాడూ అంటాడు,
ఇదిగో.

తను కాదని తెలుసు.
అయినా ప్రతిసారీ
వంటింటి వైపు తలెత్తుతాను,
ఎత్తిన తల దించకుండా కాసేపు
పిలిచినవాడెవరో
వింటూ ఉంటాను.