ఒకటి, మూడు, నాలుగు, రెండు

మిల్డ్యూరాలో జూలై.
రేకుల షెడ్డు మీద బిగిసిన మంచు
పొద్దెక్కేదాకా కరగదు.
స్పానర్ పట్టుకుంటే అదే చేతిని కరుస్తుంది.

ఏడు వారాలు. విప్పాను, కడిగాను, రుద్దాను, బిగించాను.
కొత్త రింగులు, కొత్త బేరింగులు, కొత్త హెడ్ గాస్కెట్.
విప్పిన ప్రతి ముక్కనీ గుడ్ల అట్టల్లో పేర్చి
పక్కన తెలుగులో రాసుకున్నాను:
"ఇది ఎడమది", "దీన్ని తిరగెయ్యకు",
"ఈ బోల్టుకి బుద్ధి లేదు, మెల్లగా".

నిన్న సాయంత్రం తాళం తిప్పితే
లేచింది.
లేచి, కుంటింది.

ఒకటి... నాలుగు, రెండు.
ఒకటి... నాలుగు, రెండు.
మధ్యలో ఒక గణం ఎగిరిపోయిన పద్యంలా.
వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ,
కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసన.
బండికి చలిజ్వరం వచ్చినట్టు ఒకటే వణుకు.
డాష్‌బోర్డు మీద పెట్టిన టీ కప్పు
తనంతట తానే నడుచుకుంటూ వచ్చి
సీటు కింద పడింది.

రాత్రంతా అనుమానించాను.
ముందు గాలిని. గొట్టాల్లో చేరిందేమోనని
బుడగలు ఆగేదాకా చేతిపంపు నొక్కాను.
తర్వాత పంపు టైమింగుని. గుర్తుకి గుర్తు కలిసే ఉంది.
వాల్వుల సందుల్లో ఫీలర్ గేజి దూర్చి,
పన్నెండు దాటాక
ఫిల్టర్ అమ్మినవాణ్ణి, డీజిల్ పోసిన బంకుని,
బండిని చవగ్గా నాకంటగట్టిన ఊయెన్ రైతుని.
నన్ను తప్ప అందర్నీ.

పొద్దున పక్కింటి మెర్వ్ వచ్చాడు.
నలభై ఏళ్లు ఇంజన్ల మధ్య నిలబడి
రెండు చెవులూ వాటికే ఇచ్చేసినవాడు.
చప్పుడు ఎలా ఉందో చెప్పబోతే
చెయ్యెత్తి ఆపి, స్టార్ట్ చెయ్యమన్నాడు.
కాసేపు నడవనిచ్చి,
వేలు నాలికతో తడుపుకుని
ఎగ్జాస్ట్ మొదళ్లని ఒక్కొక్కటే తాకాడు.
ఒకటి, చుయ్.
రెండు, చుయ్.
మూడో దాని మీద అరచెయ్యే ఆనించి
అలాగే ఉంచాడు.

నేను నమ్మలేదు.
మూడో ఇంజెక్టర్ గొట్టం నట్టు వదులు చేశాను.
డీజిల్ చిమ్మి చొక్కా తడిసింది గాని
ఇంజన్ నడక ఇసుమంతైనా మారలేదు.
ఉన్నా లేకపోయినా ఒకటే అన్నమాట.

మెర్వ్ దాని మొదట్లో సబ్బునీళ్లు పోశాడు.
పసివాడి పెదాల మీద పాలనురగలా
పొంగి పొంగి పగిలింది.

ఆపి, ఇంజెక్టర్ పీకి, టార్చి వేశాను.
అడుగంతా మసి.
వంచిన తీగతో గీకితే మసి కింద
సన్నగా రాగి మెరుపు.

పాత వాషర్.
అక్కడే అతుక్కుపోయి ఉంది.
నేను దాని నెత్తిన కొత్తదాన్ని కూర్చోబెట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది అనడం అబద్ధం.
అసలు మర్చిపోతేగా.
విప్పిన రోజే డబ్బాలో పాత వాషర్లు లెక్కపెట్టాను.
మూడు.
మళ్లీ లెక్కపెట్టాను. మూడు.
బల్ల కింద ఒక్కసారి వెలుగు తిప్పి
దొర్లిపోయుంటుందిలే అనుకున్నాను.
అట్ట మీద మాత్రం "నాలుగు" అని రాశాను.
ఇదిగో, నా చేతిరాతే.
చివరి కొమ్ము కాస్త వంకర పోయింది.

మెర్వ్‌కి ఆ అట్ట చూపించాను.
అతనికి తెలుగు రాదు.
అయినా చూపించాను.

మధ్యాహ్నం కొత్త వాషర్, ఒక్కటే.
గాలి తీసి, నట్లు బిగించి, తాళం తిప్పాను.
పొగ ముందు తెల్లగా, తర్వాత పలచగా,
ఆ తర్వాత కనబడలేదు.
ఎక్కడో చిన్న టిక్కు మిగిలింది. వాల్వు కావచ్చు.
దాని సంగతి రేపు.
బుధవారం తెల్లారకముందే నారింజలు ఎక్కించాలి,
మెల్బోర్న్ మార్కెట్‌కి.

"ఎలా ఉంది?" అన్నాడు మెర్వ్, గట్టిగా,
వినపడనివాళ్లు అడిగేట్టు.
నోటితో చెప్పలేదు.
అతని భుజం మీద గ్రీజు వేళ్లు ఆనించి
వాయించాను.
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
మూడో వేలు
కాస్త గట్టిగా.