నడుం కొలత

స్టీమర్ రోడ్డులో వలల కొట్టు మీద
ఒక రేకుల గది.
దాని మెట్ల కింద నా కుట్టుమిషను.
ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను,
నరసాపురంలో సగం నడుములు
నా నోటుబుక్కులో అంగుళాలు.

ఒకరోజు దైవసహాయం వచ్చి
నీలం గుడ్డా, డబ్బాడు గిల్టు బిళ్ళలూ
బల్ల మీద కుమ్మరించాడు.
"పట్టీ కుట్టాలండి. బిళ్ళకీ బిళ్ళకీ వేలెడు సందు."
ఎవరికీ అన్నాను, చెవి మీది పెన్సిలు తీస్తూ.
"నాకేనండి, ఆయ్."

టేపు చేతిలోనే ఆగిపోయింది.
మగాడి నడుముకి బెల్టు పట్టే కొలతే గాని
గలగలమనే కొలత ఉంటుందని
నాకెవరూ చెప్పలేదు.

మస్కట్‌లో పదకొండేళ్ళు గిన్నెలు తోమాడంట.
హోటలు వంటింటి తలుపుకి గుండ్రటి అద్దం.
ఆ అద్దంలో ఆడుతూ కనపడేవాడంట షుక్రీ,
ఈజిప్టు ముసలాయన, బుర్రమీసాలు, బానపొట్ట.
ముఖం కంటే ముందు ఆ పొట్టే నవ్వేదంట.
సబ్బు నురగ చేతులతోనే నేర్చుకున్నాడు
సింకు ముందు నిలబడి, ఎవరూ చూడకుండా.
"పాదం నేలని వదలదండి.
మిగతాదంతా ఏరు."

ఊరు ఊరుకుంటుందా?
వలల కొట్టాయన అద్దె పెంచాడు.
చర్చిలో అతను కూర్చున్న బెంచీ
మెల్లిగా ఖాళీ అయ్యేది.
కుర్రాళ్ళు మెట్ల కింద ఈల వేసి పారిపోయేవారు,
నా కత్తెర చూసి ఇంకాస్త బేగా.
మా మావగారు మాత్రం,
"మా రోజుల్లో మగాళ్ళే ఆడ వేషం కట్టి
జడ ముందుకేసుకుంటే దండలేశాం కదరా" అన్నాడు.
అదే నోటితో, "అది వేరులే" అన్నాడు.
ఎలా వేరో చెప్పేలోపు చుట్ట ఆరిపోయింది.

ముందొచ్చింది లేసు అల్లే సువార్తమ్మ,
కూర్చుని కూర్చుని రాయైపోయిన తుంటితో.
తర్వాత రొయ్యల షెడ్డులో తలలు తీసే అక్కచెల్లెళ్ళు,
చేతుల వాసన పోలేదని సిగ్గుపడుతూ.
ఆ తర్వాత ఐసు ఫ్యాక్టరీ తాతబ్బాయి.
వాడొచ్చింది నడుంనెప్పికి.
నెప్పి పోయాక కూడా మానలేదు.
ఎందుకురా అంటే
చొక్కా మీద ఊక దులుపుకున్నాడు.

కరెంటు పోయిన సాయంత్రాలు
బకెట్టు బోర్లించి దైవసహాయం వాయించేవాడు.
దుమ్ తక్, తక దుమ్ తక్.
కింద నా కాలు, నన్నడక్కుండానే
పెడలు మీద ఆ లెక్కలో పడేది.
ఆ నెల చంకల్లో కుట్లన్నీ వంకర.

నడుం వంచమని ఊడ్పుల్లో అన్నారు.
నడుం కట్టమని మైకుల్లో అన్నారు.
రాత్రి పదింటికి, కాసేపు నడుం వాలుస్తానని
మనమే అన్నాం.
ఇంత చాకిరీ చేయించుకున్నాం గాని
నీకేం కావాలే అని దాన్ని అడిగిందెవరు?
అతనడిగాడు,
బకెట్టు మీద పది వేళ్ళతో.

ఒక ఆదివారం అందర్నీ పంటు రేవుకి తీసుకెళ్ళాడు.
పోటు మొదలయ్యే వేళ.
"చూడండి, పైనీళ్ళు సముద్రానికి పోతున్నాయి,
అడుగునీళ్ళు ఊళ్ళోకొస్తున్నాయి.
వశిష్ఠకి తగువేం లేదు.
మీ పొట్టలో కూడా రెండూ ఉంటాయి,
దేన్నీ తొయ్యకండి."
సువార్తమ్మ చీర కుచ్చిళ్ళ మీద చెయ్యి పెట్టుకుని
చాలాసేపు నీళ్ళనే చూసింది.
పంటు వచ్చి, జనం దిగి, మళ్ళీ ఎక్కారు.
నేను కొంచెం దూరంగా
పల్లీలు కొంటున్నట్టు నిలబడ్డాను.

నిన్న షట్టరు సగం దించి
నా నడుముకి నేనే టేపు చుట్టుకున్నాను.
ఊపిరి బిగిస్తే ముప్పై ఎనిమిది,
వదిలేస్తే నలభై.
ఏది రాయాలో తెలీక రెండూ రాశాను.
పేరు దగ్గర ఏమీ రాయలేదు.

నీలం గుడ్డ ఇంకా గజం మిగిలే ఉంది.