ముంజేతి ఎముక

మా జట్టులో ఇరవై ముగ్గురు.
అందులో పద్నాలుగు మంది పుట్టింది జనవరి ఒకటినే.
పాస్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా తల్లుల్ని అడిగాడు,
తేదీ?
జొన్న పొట్టకొచ్చినప్పుడు, అంది ఒకామె.
నల్లమచ్చ ఎద్దు ఏట్లో కొట్టుకుపోయిన మర్నాడు.
పడవలో ఉండగా, ఏ ఒడ్డు దగ్గరో తెలీదు.
ఆయన పాపం అన్నీ ఓపిగ్గా విని
అన్నిటికీ ఒకటే రాసుకున్నాడు.

నేను జెర్సీలు ఉతికేవాణ్ణి.
జూబా నుంచి ఎన్‌జేరు దాకా ఒక పగలూ ఒక రాత్రీ
బంతుల సంచీ మీద కాళ్ళు పెట్టుకుని వచ్చాను.
పదిహేడేళ్ళలోపు పిల్లలు, ఏడు దేశాల వాళ్ళు.
హాస్టల్ పెరట్లో ఏడు రంగుల సాక్సులు ఒకే తాడు మీద.
జిబూటీ వాళ్ళ సబ్బు మేం అరగదీశాం,
మా బకెట్టు రువాండా వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

ఆటకి ముందు చేతులు చూపించాలన్నారు.
ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు గాని
ఈ కుర్రాళ్ళకి కంకణాల్లేవు,
అందుకేనేమో ఎముకకే అద్దం పట్టారు.
కంపాలా ఆస్పత్రిలో తెల్లటి సొరంగం.
ఒక్కొక్కడే బోర్లా పడుకుని
లోపలికి చెయ్యి చాపాడు,
చేపుందో పాముందో తెలీని బొరియలోకి చాపినట్టు.

ఎముక చివర సన్నటి గీత ఉంటే పిల్లాడు.
గీత పూడిపోతే కాదు.
డాక్టరమ్మ అంతే చెప్పింది, అలిసిపోయి ఉంది,
వరండాలో ఇంకా సోమాలియా జట్టు మొత్తం కూచుని ఉంది.

అజాక్ గీత పూడిపోయింది.

మా గోల్‌కీపర్. మలకాల్ వాడు.
గాల్లోకి లేస్తే దిగడం మర్చిపోయేవాడు.
వాళ్ళమ్మకి ఫోన్ చేశాం, శిబిరంలో ఎవరిదో ఫోను.
"ఓట్లేసిన జనవరి ఉందే, దానికి ముందు రెండో వానాకాలం"
ఆవిడ అరుస్తోంది, అటు గాలి హోరు,
"కన్నది నేనా, ఆ యంత్రమా?"
స్పీకర్లో అందరం విన్నాం.
కోచ్ కళ్ళజోడు తీసి తుడిచి
మళ్ళీ పెట్టుకోకుండా చేత్తోనే పట్టుకుని వెళ్ళిపోయాడు.

రాత్రి నా బకెట్టు పక్కన గొంతుక్కూచున్నాడు అజాక్.
"అయితే నాకిప్పుడు ఎన్నేళ్ళు?"

నేను గ్లవ్స్ పిండుతున్నాను.
పద్దెనిమిదా? ఇరవయ్యా?
వాడా కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.
కాదు అని ఉంది.
మరెంతో లేదు.

"మా నాన్నని వదిలేసి రెల్లులో దాక్కున్ననాటికి
నాకు నాలుగేళ్ళనుకుంటూ వచ్చాను" అన్నాడు.
వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు, మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాడు.
"ఎనిమిదేమో.
ఎనిమిదేళ్ళవాడైతే
ఒక చెయ్యి పట్టుకుని లాగగలడు కదా."

సబ్బు అయిపోయింది,
జిబూటీ వాళ్ళనడిగి పట్రా, అన్నాను.
నా నోటికి ఇంకేం రాలేదు.
వెళ్ళి తెచ్చాడు.

శుక్రవారం ఇథియోపియాతో.
గోల్లో టోంబె నిలబడ్డాడు, అజాక్ గ్లవ్స్ వాడికి వదులు,
మణికట్ల దగ్గర రెండు చుట్లు టేపు వేశాను.
డెబ్భై తొమ్మిదో నిమిషం దాకా ఏమీ లేదు,
ఎండ, విజిళ్ళు, ఈల వేసే కొంగలు.
అప్పుడొక బంతి కుడి మూల నుంచి
తొందరేం లేనట్టు గుండ్రంగా వంగుతూ వచ్చింది.

నేను బంతిని చూడలేదు.
నా పక్కన అజాక్ లేచాడు, మామూలుగా లేవడం కాదు,
మోకాళ్ళు వంచి, ఎడమకి ఒరిగి,
రెండు చేతులూ చాపి, అరచేతులు విప్పి,
మెట్ల మీద, జనం మధ్య
లేని బంతికి అందేంత ఎత్తుకి.

టోంబెకి అందలేదు.

వెనక వరసలో వేరుశనగ పొట్లాలమ్మే ముసలమ్మ
వాడి చొక్కా పట్టి లాగింది.
"కూర్చోరా పిల్లాడా, మాకు కనపడొద్దూ?"

వాడు వెనక్కి తిరిగి
ఆమెని చాలాసేపు చూశాడు.
తర్వాత కూర్చున్నాడు,
రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని.