ఖాళీ గడి

మోకాళ్లు ఎందుకు వంగుతలేవో రాయనీకి
పాలీక్లినిక్ కాయితంల ఒక గడి ఉన్నది.
సర్వీసు వల్లనా, కాదా?
టిక్కు పెట్టాలె.

మర్రిగూడ బోరింగు నీళ్లు పద్దెనిమిదేండ్లు తాగిన.
లేహ్ దాటినంక రెండు చలికాలాలు
కిరోసిన్ వాసనొచ్చే మంచు కరగబెట్టుకొని తాగిన.
ఏ నీళ్లు ఏ బొక్కల కూసున్నయో
నాకేమెరుక?

నల్లగొండ డాక్టరమ్మ
ఎక్స్‌రే కిటికీకి పట్టి చూసింది.
"మీ ఊరోళ్లయి అందరివీ ఇట్లనే ఉంటయి తాతా."

నిజమే.
మా అన్న సైదులు దేవరకొండ దాటలే,
వాడూ ఇట్లనే బిగుసుకపోయిండు.
వాడికి కార్డు లేదు.

హైదరాబాదుకు చిట్టీ రాసిచ్చింది.
గడి ఖాళీగనే ఉంచింది.

బస్సుల గోలీలు లెక్కవెట్టిన,
అన్నీ నా పేరు మీదనే.
పొద్దుటివి నాయి.
రాత్రివి సైదులువి.